మావాడికి నిర్వచనాలన్నీ వస్తాయి, అలంకారం మాత్రం దొరకదు

చిత్తూరు నుంచి ఒక తల్లి అడిగారు. వాళ్ళబ్బాయి పదో తరగతి. అలంకారాల నిర్వచనాలు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాడట, కానీ ఒక వాక్యం ఇచ్చి ఇది ఏ అలంకారం అంటే ఏది ఇచ్చినా ఉపమ అనే రాస్తాడట. ‘లా’ ఉంటే ఉపమ, ‘అనే’ వస్తే రూపకం అని ట్యూషన్‌లో చెప్పిన గుర్తులు కూడా పనిచేయడం లేదంటున్నారు. ఇంగ్లీషులో సిమిలీ, మెటఫర్ అని నేర్పుతున్నారు కదా, అవీ ఇవీ ఒకటేనా అని కూడా అడిగారు.

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తా, కారణాలు తర్వాత. వాక్యంలో గుర్తు మాటను వెతకొద్దనండి. రెండు వస్తువులను వెతకమనండి. దేని గురించి చెబుతున్నారు, దేన్ని తెచ్చి దాని పక్కన పెట్టారు. ఆ రెండూ దొరికితే ఇక ఒకటే ప్రశ్న, వాటి మధ్య ఏం జరిగింది? రెండూ పక్కపక్కనే విడివిడిగా నిలబడి ఉంటే ఉపమ. ఇదే అది అని తేల్చేస్తే రూపకం. ఇది అది కాదని తెలిసి కూడా అదేనేమో అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. ఒకటి రెండోదాన్ని మింగేసినా, ఉన్నదాన్ని హద్దు దాటించి చెప్పినా అతిశయోక్తి. పదో తరగతిలో పిల్లలు తడబడేది ముఖ్యంగా ఈ నాలుగింటి దగ్గరే, మిగతావి ఇంత కష్టం కాదు.

నేను తెలుగు అయ్యవారిని. పాత చిత్తూరు జిల్లా హైస్కూళ్ళలో 31 ఏళ్ళు చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నా. మీ అబ్బాయి చేసే పొరపాటు నేను దిద్దిన పేపర్లలో లెక్కలేనన్ని సార్లు చూశాను కాబట్టి వాణ్ణి తిట్టకండి, తిరకాసు వాడికి చెప్పిన పద్ధతిలో ఉంది.

పుస్తకాల్లో ఉదాహరణ అంటే ఎప్పుడూ ఆమె ముఖం, ఆకాశంలో చంద్రుడు. పదిహేనేళ్ళ పిల్లోడికి వాటితో ఏం పని చెప్పండి. నేను బస్సు చెప్పేవాణ్ణి. చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్లు, ప్రతి ఊళ్ళోనూ ఆగే బస్సు ఎక్కామనుకోండి.

‘ఈ బస్సు నత్తలా మెల్లగా పోతోంది.’ బస్సు ఉంది, నత్త ఉంది, రెండింటికీ కలిసిన గుణం మెల్లగా పోవడం ఉంది, కలిపి కట్టే ‘లా’ ఉంది. వరసగా ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. ఉత్తినే ‘ఈ బస్సు నత్తలా ఉంది’ అంటే ఏ విషయంలో నత్త అన్నది మనకే వదిలేశారు, అప్పుడది లుప్తోపమ. దేంట్లో అయినా బస్సు బస్సే, నత్త నత్తే.

‘ఈ బస్సనే నత్త తిరుపతి చేరేదెప్పుడు?’ ఇక్కడ పోలిక లేదు, తీర్పు ఉంది. బస్సుకు నత్త అని పేరు పెట్టేశాం. రూపకం.

‘నత్త ఒకటి చక్రాలు కట్టుకుని రోడ్డెక్కిందేమో అన్నట్టుంది ఈ బస్సు.’ ఉత్ప్రేక్ష.

‘మా నత్త ఇంకా పూతలపట్టు కూడా దాటలేదు’ అని ఇంట్లోవాళ్ళకు ఫోన్‌లో చెబితే? బస్సు అనే మాటే లేదు, నత్త బస్సును గుటుక్కున మింగేసింది. దీన్ని పండితులు రూపకాతిశయోక్తి అంటారు. బడిలో మామూలుగా అతిశయోక్తి అని నేర్పేది మాత్రం ఇంకోలా ఉంటుంది: ‘చిత్తూరులో ఎక్కేటప్పుడు చంకలో ఉన్న పిల్లోడికి చంద్రగిరి వచ్చేసరికి మీసాలు మొలిచాయి.’ గోరంతను కొండంత చేయడం. దీనికి రెండు వస్తువులు అక్కర్లేదు, ఒక్క వస్తువును సాగదీస్తే చాలు.

ఒకే బస్సు, ఒకే నత్త, నాలుగు అలంకారాలు. బోర్డు మీద ఈ వాక్యాలు ఒకదాని కింద ఒకటి రాస్తే పిల్లలకు అరగంటలో పట్టుబడేది. నేను ఈ పద్ధతికి రావడానికి మాత్రం కొన్నేళ్ళు పట్టింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లోడు లేచి, ‘అయ్యవారూ, ఏనుగు కొండలా ఉంది అంటే ఉపమ అంటిరి. ఏనుగు నడిచే కొండా అన్నట్లుంది అంటే ఉత్ప్రేక్ష అంటిరి. రెండింట్లోనూ అదే ఏనుగు, అదే కొండ. తేడా యాడుంది?’ అన్నాడు. ‘కలిపి కట్టే మాటలో ఉంది, కూర్చో’ అన్నాను. వాడు కూర్చున్నాడు, నాకే స్థిమితం లేకుండా పోయింది. ఎందుకంటే ‘లా’కీ ‘అన్నట్లు’కీ తేడా అక్షరాల్లో ఉంటే అది వ్యాకరణం అవుతుంది గానీ అలంకారం ఎట్లా అవుతుంది?

తర్వాత ఆలోచిస్తే తేలింది ఇది. కొండలా ఉంది అన్నవాడు కొలత కోసం కొండను అరువు తెచ్చుకున్నాడు, పని అయ్యాక ఎక్కడిదక్కడ పెట్టేశాడు. నడిచే కొండా అన్నవాడు అట్లా కాదు, కొండకు కాళ్ళు మొలిపించాడు. నడిచే కొండ లోకంలో ఎక్కడా లేదు. చక్రాలు కట్టుకున్న నత్తా లేదు. ఉపమలో తెచ్చే వస్తువు మామూలుగా లోకంలో ఉంటుంది, ఉత్ప్రేక్షలోది చాలాసార్లు చెప్పేవాడు అప్పటికప్పుడు పుట్టించింది. చాలాసార్లు అన్నాను, ఎప్పుడూ అనలేదు, అది గమనించండి. అసలు కీలకం ఊహలో ఉంది. కాదని తెలిసీ ఒక్క క్షణం నమ్మినట్టు నటించడమే ఉత్ప్రేక్ష.

ఈ నటన అనే మాట నాకు తట్టింది గంగజాతరలో. మే నెలలో ఇక్కడ తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుందని మీకు తెలిసే ఉంటుంది, వారం రోజులు రోజుకో వేషం, బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, అట్లా. ఒక ఏడాది నేను సందు మొదట్లో నిలబడి ఉంటే ఒళ్ళంతా తెల్లగా పూసుకున్న బైరాగి ఒకడు ఎదురొచ్చి నన్ను చూసి తల దించుకున్నాడు. నిజమైన బైరాగి నన్ను చూసి తల ఎందుకు దించుకుంటాడు? హోంవర్క్ చేయని తొమ్మిదో తరగతివాడు దించుకుంటాడు. వాణ్ణి చూసి ‘బైరాగిలా ఉన్నావే’ అంటే ఉపమ. ‘ఈ పిల్లోడనే బైరాగికి లెక్కలు రావు’ అంటే పిల్లోడికి బైరాగితనం అంటగట్టేశాను, రూపకం దారి. ‘హిమాలయాల నుంచి ఇప్పుడే దిగొచ్చాడేమో’ అంటే ఉత్ప్రేక్ష. లోపల ఉన్నది మన బడి పిల్లోడే, పైన వేషం మారింది.

ఇదేదో నా సొంత తెలివి అనుకుని కొన్నాళ్ళు మురిసిపోయాను. తర్వాత తెలిసింది, 16వ శతాబ్దంలోనే అప్పయ్య దీక్షితులు అనే సంస్కృత పండితుడు చిత్రమీమాంస అనే తన పుస్తకంలో ఈ మాట అనేశాడని. ఉపమ ఒక్కతే నటి, రకరకాల వేషాలు కట్టి కావ్యమనే రంగస్థలం మీద ఆడుతూ తెలిసినవాళ్ళ మనసు రంజింపజేస్తుంది అంటాడాయన. ఆయన మనకు దూరపువాడు కూడా కాదు. చిత్తూరుకు దగ్గర్లోని వేలూరులో చినబొమ్మ నాయకుడి ఆదరణలో ఉన్నవాడు. అలంకారాలకు ఇప్పటికీ అందరూ పట్టుకునే కువలయానందం అనే పుస్తకాన్ని వేంకటపతి చెప్పగా రాశానని చివర్లో చెప్పుకున్నాడు, ఆ వేంకటపతి విజయనగర ప్రభువు వేంకటపతిరాయలే అంటారు. రాజధానిని పెనుకొండ నుంచి మన చంద్రగిరికి తెచ్చిన రాయలు. మీవాణ్ణి ఎప్పుడైనా చంద్రగిరి కోటకు తీసుకెళ్తే ఈ సంగతి చెప్పండి, ఎగ్జామ్‌లో రాదు గానీ గుర్తుండిపోతుంది.

భరతుడి నాట్యశాస్త్రంలో అలంకారాలు నాలుగంటే నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. కువలయానందం నాటికి అర్థాలంకారాలే, అంటే అర్థం మీద నడిచేవే, వంద దాటాయి. పిల్లలకు ఈ సంఖ్య చెప్పి భయపెట్టకండి. ఆ వందలో పెద్ద గుంపు ఆ నటి కట్టిన వేషాలే.

ఇక ‘లా’ అనే గుర్తు ఎందుకు మోసం చేస్తుందో చెప్తా. ‘పిల్లలు బాగా చదివేలా చూడండి’ అనే వాక్యంలో ‘లా’ ఉంది, పోలిక లేదు. ఇది తేలిక, పిల్లలే పట్టేస్తారు. ‘వీడు అచ్చం వాళ్ళ నాన్నలా ఉంటాడు’ అనే వాక్యం అంత తేలిక కాదు. ఇద్దరు ఉన్నారు, పోలిక ఉంది, ‘లా’ ఉంది, అయినా అలంకారం కాదు. ఉన్న మాట చెప్పారు, అంతే. పాతవాళ్ళు దీనికి గవయం ఆవులా ఉంటుంది అనే ఉదాహరణ ఇచ్చేవాళ్ళు. అడవిలో గవయాన్ని గుర్తుపట్టడానికి ఆ మాట పనికొస్తుంది, విన్నవాడి మనసులో మాత్రం ఏమీ మెరవదు. కువలయానందంలో ఉపమకు ఇచ్చిన లక్షణంలో సాదృశ్యలక్ష్మి అనే మాట ఉంది. ఒట్టి సాదృశ్యం అనలేదు, దానికి లక్ష్మిని జోడించారు. పోలికలో ఒక కళ ఉండాలన్నమాట. పుస్తకంలో నిర్వచనం ‘మనోహరమైన పోలిక’ అని ఉంటుంది చూడండి, పిల్లలు ఆ మనోహరమైన అనే మాటను గబగబా చదివేసి దాటిపోతారు, ఉపమ ప్రాణం దాంట్లోనే ఉంది.

‘అనే’ గుర్తుకూ ఇలాంటి చిక్కే. సమాసాలు వచ్చినప్పుడు ‘అనే’ పైకి కనబడదు, మనమే విడదీసి చూసుకోవాలి. జ్ఞానజ్యోతి అంటే జ్ఞానమనే జ్యోతి, రూపకం. కలువకన్నులు అంటే కలువలవంటి కన్నులు, ఉపమ. ఇంతవరకూ బాగానే ఉంది. మరి పాదపద్మాలు? తిరుపతిలో రోజుకు పదిసార్లు వినే మాట. పద్మాలవంటి పాదాలా, పాదాలనే పద్మాలా? రెండు రకాలుగానూ విడదీయొచ్చు. ఇక్కడ గైడ్లు చేతులెత్తేస్తాయి. వాక్యంలో క్రియను చూడమనండి. ‘స్వామి పాదపద్మాలకు మొక్కాను’ అంటే మొక్కేది పాదాలకే, పద్మాలకు ఎవరూ మొక్కరు, కాబట్టి బరువు పాదం మీద ఉంది, ఉపమ. ‘ఆమె ముఖపద్మం వికసించింది’ అంటే వికసించేది పద్మం, బరువు పద్మం మీదికి పోయింది, రూపకం. ఇది నా చిట్కా కాదు, శాస్త్రంలో ఉన్న పద్ధతే, ఎందుకో బడిలో చెప్పరు. ఒకసారి జిల్లాలో టీచర్ల ట్రైనింగ్‌లో ఇది చెబితే వెనక బెంచీలో కూర్చున్న మాస్టారు ఒకాయన ‘ఇన్నేళ్ళుగా మేం బొమ్మాబొరుసూ వేసి మార్కులిస్తున్నామప్పా’ అన్నాడు. నవ్వుకున్నాం గానీ ఆయన అన్నది నిజమే.

ఉత్ప్రేక్షతో కలిసిపోయేవి ఇంకో రెండున్నాయి. మీవాడికి పరీక్షలో రాకపోవచ్చు, అయినా తెలిస్తే తికమక తగ్గుతుంది. ‘వచ్చేది బైరాగా, మన పక్కింటి పిల్లోడా’ అని తేలక ఊగిసలాడితే సందేహాలంకారం. నిజంగానే బైరాగి అనుకుని చేతులు జోడిస్తే భ్రాంతిమంతం. బైరాగి కాదని తెలిసీ ‘హిమాలయాల నుంచి దిగాడేమో’ అంటే ఉత్ప్రేక్ష. ‘ఏమో’ అనే మాట మొదటిదాంట్లోనూ రావచ్చు, మూడోదాంట్లోనూ రావచ్చు. మళ్ళీ అదే సంగతి, మాటను చూసి కాదు, మాట్లాడేవాడికి ఏం తెలుసో చూసి తేల్చాలి.

ఇంగ్లీషు సంగతి. సిమిలీ, ఉపమ దాదాపు ఒకటే, ఇబ్బంది లేదు. మెటఫర్ దగ్గర జాగ్రత్త. వాళ్ళు మెటఫర్ అని ఒక్క సంచిలో వేసేదాన్ని మనవాళ్ళు రెండు సంచుల్లో వేశారు. బస్సు, నత్త రెండూ పైకి కనబడుతూ ఒకటే అంటే మనకు రూపకం, బస్సు కనబడకుండా నత్త మాత్రమే మిగిలితే అతిశయోక్తిలో ఒక రకం. ఇంగ్లీషు టీచరు రెండింటికీ మెటఫర్ అనే టిక్కు పెడతారు, తెలుగు టీచరు ఒకదానికే రూపకం అని టిక్కు పెడతారు, పిల్లోడు ఇద్దరిలో ఒకరు తప్పనుకుంటాడు. ఇద్దరూ తప్పు కాదు. ఉత్ప్రేక్షకు సరిగ్గా సరిపోయే ఒక్క మాట వాళ్ళ బడి పుస్తకాల్లో లేదు. హైపర్‌బలీ అంటే మన గోరంత కొండంత అతిశయోక్తి. పర్సానిఫికేషన్‌కు, అంటే ప్రాణం లేనిదాన్ని మనిషిలా చెప్పడానికి, బడిలో విడిగా పేరు లేదు, ‘గాలి వచ్చి తలుపు తట్టింది’ లాంటివి వస్తే ఇప్పటి విమర్శకులు మానవీకరణ అంటున్నారు. అలంకారశాస్త్రంలో అయితే ఇలాంటివి సమాసోక్తిలో, అంటే ఒకదాని గురించి చెబుతుంటే ఇంకోటి స్ఫురించే అలంకారంలో, పడతాయి చాలావరకు.

శబ్దాలంకారాలకు ఇంత ఆలోచన అక్కర్లేదు, చెవి చాలు. పైకి చదవమనండి, మనసులో చదివితే దొరకవు. ఒకే హల్లు పదేపదే వస్తే వృత్త్యనుప్రాస: ‘చిత్తూరు చింతచెట్టు కింద చిన్నాయన చుట్ట చుట్టుకుంటున్నాడు.’ పాదాల చివర ఒకే అక్షరాలు వస్తే అంత్యానుప్రాస, సినిమా పాట విన్న ఎవరికైనా తెలుస్తుంది. జంటగా వచ్చిన హల్లులు వెంటనే మళ్ళీ వచ్చి అర్థం మారితే ఛేకానుప్రాస, దీనికి అరటితొక్క తొక్కరాదు అనే ఉదాహరణను మించింది నాకు ఇంతవరకూ దొరకలేదు. పిల్లలు తడబడేది యమకానికీ లాటానుప్రాసకూ మధ్య. ‘ఆ మాను కోయడం మానుకో’ అంటే మానుకో అనే అక్షరాల గుంపు రెండుసార్లు వచ్చింది, మొదట చెట్టుతో మొదలై కోయడంలోకి జరిగింది, రెండోసారి వదిలేయమని. అక్షరాలు అవే, అర్థం వేరు, యమకం. ‘అమ్మ చేతి అన్నమే అన్నం’ అంటే రెండు అన్నాలకూ అర్థం ఒకటే, కానీ రెండో అన్నంలో ‘అసలైన అన్నం’ అనే భావం చేరింది. తాత్పర్యంలో మాత్రమే తేడా, లాటానుప్రాస. హాస్టల్లో ఉండే పిల్లలకు ఈ ఉదాహరణ ఇంకోసారి చెప్పాల్సిన పని లేదు.

శ్లేష దగ్గర కాస్త ఆగుతా, నాకు ఇష్టం కాబట్టి. ఒక మాట రెండు అర్థాలతో నిలబడడం. పుస్తకంలో ‘మానవ జీవనం సుకుమారం’ అని ఉంటుంది, మానవుల జీవనం అని ఒకటి, మా నవ జీవనం అని ఇంకొకటి. బాగానే ఉంది గానీ కొంచెం అద్దాల బీరువాలో పెట్టిన బొమ్మలా ఉంటుంది. నేను విన్న గొప్ప శ్లేష మా వీధిలో పుట్టింది. చిట్టీలు నడిపే ఒకాయన ఉండేవాడు. ఒకరోజు తెల్లారేసరికి ఇంటికి తాళం. పక్కింటివాళ్ళను అడిగితే ‘కొండకు పోయినాడంట’ అన్నారు. నాతోపాటు చిట్టీ కట్టిన కూరగాయలాయన ఆ తాళం వంక చూసి, ‘నామం పెట్టుకోను పోయినాడో, పెట్టేసి పోయినాడో’ అన్నాడు. ఆయన బడికి పోయింది నాలుగో తరగతి దాకే. నాకు పోయింది 18 వేలు. ఆ మరుసటి వారమే శ్లేష పాఠం వచ్చింది, పేర్లు చెప్పకుండా ఈ ముక్క చెబితే క్లాసంతా పడీపడీ నవ్వింది, ఎవరూ ఆ పాఠం మర్చిపోలేదు.

ఇక్కడే పిల్లలకు ఇంకో అనుమానం వస్తుంది. నామం పెట్టడం, శఠగోపం పెట్టడం అంటే మోసం చేయడం కదా, అవి అలంకారాలా? ఉత్తగా వాడితే జాతీయాలు. గుడిలో శఠగోపం తల మీద పెడితే స్వామి పాదాలు సోకినట్టు, బయట అదే మాట అంటే ముంచేశారని. ఎవరో ఎప్పుడో మొదటిసారి అన్నప్పుడు అది మంచి చమత్కారమే అయ్యుంటుంది, వాడివాడి అరిగిపోయింది. కుర్చీ కాలు, సీసా మూతి అన్నప్పుడు మనకు కాలూ మూతీ గుర్తుకు రావు కదా, అట్లా. అరిగిన మాటను కూరగాయలాయన మళ్ళీ తిరగేసి రెండో అర్థం కూడా మెరిపించాడు, అందుకే అది శ్లేష అయింది.

అర్థాంతరన్యాసం చూడ్డానికి పెద్ద పేరు, గుర్తుపట్టడానికి తేలిక. ఒక ప్రత్యేక సంగతి చెప్పి, లోకంలో అందరికీ వర్తించే మాటతో దాన్ని బలపరచడం, లేదా దానికి తలకిందులుగా. ‘ఈ ఏడు తోతాపురి విరగకాసింది, కోత కూలి కూడా గిట్టలేదు. పంట ఎక్కువైతే రైతుకు మిగిలేది తక్కువే కదా.’ మొదటి వాక్యం ఒక తోట గురించి, రెండోది ఏ ఊరి రైతుకైనా సరిపోతుంది. రెండు వాక్యాల్లో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అని చెప్పండి, చాలు. చివర్లో ‘కదా’ ఉందని రాసేయకూడదు, ‘నువ్వు నిన్న వచ్చావు కదా’లో కూడా కదా ఉంది!

స్వభావోక్తి చాలామంది మార్కులు పోగొట్టుకునే చోటు. ఉన్నది ఉన్నట్టు వర్ణించడం అని చదివి, పోలిక కనబడని ప్రతి వాక్యానికీ స్వభావోక్తి అని రాస్తారు. ‘ఆవు గడ్డి మేస్తోంది’ స్వభావోక్తి కాదు, సమాచారం. ఒకసారి తొమ్మిదో తరగతివాళ్ళను మీ ఇంట్లో రోజూ చూసేదేదైనా పోలికలు లేకుండా రాయమన్నాను. అందరూ సూర్యోదయం రాశారు, చూడకుండానే. ఒకమ్మాయి మాత్రం ఇట్లా రాసింది: ‘మా అవ్వ పొదుగు మీద నీళ్ళు చల్లగానే ఎనుము చర్మం ఒక్కసారి వణుకుతుంది. వెనక్కి తిరిగి చూసి అవ్వేనని తెలుసుకుని మళ్ళీ నెమరేస్తుంది. మొదటి ధార గిన్నెకు తగిలితే చుయ్యిమంటుంది, గిన్నె సగం నిండినాక చప్పుడు మెత్తగా అయిపోతుంది. ఈగ వాలితే తోక విసురుతుంది, అది అవ్వ చెంపకు తగులుతుంది, అవ్వ తిట్టదు.’ ఆ చప్పుడు మారడం, అవ్వ తిట్టకపోవడం చూడండి. అంత దగ్గరగా చూసి రాసినదాన్నే స్వభావోక్తి అంటారు. ఆ నోటుబుక్కు కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఆ పిల్లకు తిరిగివ్వలేదు.

పరీక్షలో ఎట్లా రాయాలో కూడా చెప్పేస్తా. అలంకారం పేరు రాసి వదిలేయకుండా సమన్వయం రాయమనండి. దేనితో దేన్ని పోల్చారు, ఇది ఉపమేయం, ఇది ఉపమానం, ఈ రెండింటికీ అభేదం, అంటే తేడా లేదని, చెప్పారు కాబట్టి రూపకం అని రెండు మూడు వాక్యాలు. దిద్దేవాళ్ళకు నిర్వచనం బట్టీ పట్టాడా, అర్థమై రాశాడా అన్నది ఆ సమన్వయంలోనే తెలిసిపోతుంది. నా వరకు నేను పేరు తప్పు రాసినా సమన్వయంలో ఆలోచన కనబడితే సున్నా వేయలేదు. అందరూ అట్లా ఉండరనుకోండి.

మీకు తెలుగు అలంకారాలు రావని దిగులు పడాల్సిన పనిలేదు. మీరు రోజూ వాడుతూనే ఉంటారు. టిఫిన్ వేళకు రమ్మంటే మధ్యాహ్నం దాటాక వచ్చిన తమ్ముణ్ణి ‘ఎంత తొందరగా వచ్చినావురా, ఎండకు కాళ్ళు కాలలేదా’ అంటారు చూడండి, పైకి పొగడ్త, లోపల తిట్టు, అది వ్యాజస్తుతి కుటుంబంలోది. మీరు అలా అన్నప్పుడల్లా మీవాణ్ణి పట్టుకోమనండి, ఒక్కో అలంకారానికి ఒక్కో మార్కు వేసుకోమనండి. వారంలో మీకంటే వాడికే ఎక్కువ వస్తాయి.

ఈ ఆదివారానికి ఒక వాక్యం ఇస్తున్నా. ‘వానాకాలం కపిలతీర్థం జలపాతం, శేషాచలం భుజాన ఆరేసుకున్న తెల్ల పంచేమో అన్నట్టుంది.’ ముందు ఇది ఏ అలంకారమో, ఎందుకో రాయమనండి. తర్వాత అదే జలపాతాన్ని, అదే పంచెను పెట్టి ఉపమగా ఒకటి, రూపకంగా ఒకటి, ఆఖర్న జలపాతం అనే మాటే రాకుండా ఒకటి రాయమనండి. ఆ నాలుగోది కష్టం, రెండు రోజులు పట్టినా ఫర్వాలేదు. రాసింది ఇక్కడే పెట్టండి, చూసి చెబుతా.